సర్వర్ అప్‌గ్రేడ్ చేస్తే కౌంటర్ ఎందుకు ఆగిపోతుంది? థిన్ క్లయింట్ సెట్టింగ్స్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న డబ్బా చరిత్ర చెప్పుకుందాం. హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్లో, టికెట్ కౌంటర్లో, కాల్ సెంటర్లో మీరు దాన్ని చూసే ఉంటారు, కానీ పట్టించుకుని ఉండరు. మానిటర్ వెనకాల బిగించి ఉంటుంది. టిఫిన్ బాక్స్ అంత సైజు. చాలావాటిలో ఫ్యాన్ ఉండదు, చప్పుడు ఉండదు. దాని పేరు థిన్ క్లయింట్.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మన పీసీలో ప్రోగ్రామ్ మన దగ్గరే నడుస్తుంది. థిన్ క్లయింట్‌లో అలా కాదు. ప్రోగ్రామ్ నడిచేది ఎక్కడో సర్వర్ రూమ్‌లో. ఈ డబ్బా చేసే పని రెండే రెండు. మీరు నొక్కిన కీ, కదిపిన మౌస్ అక్కడికి చేరవేయడం, అక్కడ తయారైన స్క్రీన్ తెచ్చి మీకు చూపించడం. అంతే.

దీన్ని అమ్మేటప్పుడు చెప్పే మాట ఒకటుంది. డబ్బాలో ఏమీ లేదు కాబట్టి పాడవడానికి కూడా ఏమీ లేదు, అప్‌గ్రేడ్ చేయాలంటే సర్వర్ ఒక్కటి చేస్తే చాలు అని. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఈ ఫీల్డ్‌లో పనిచేసిన ఎవర్నైనా అడగండి. ఆదివారం సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేస్తారు, సోమవారం పొద్దున డబ్బాలు పనిచేయవు. డబ్బాల్ని ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎందుకు ఆగాయి?

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. డబ్బా సన్నబడినంత మాత్రాన సెట్టింగ్ మాయం కాలేదు. అది ఇల్లు మారుతూ వచ్చింది. ఒకప్పుడు స్విచ్‌లో ఉండేది, తర్వాత సర్వర్‌కి వెళ్లింది, తర్వాత మళ్లీ డబ్బాలోకి వచ్చి కనపడకుండా కూర్చుంది. ఇప్పుడు దాని అడ్రస్ ఏంటో తెలిస్తే సగం రిపేరు అయినట్టే.

మొదటి నుంచి చూద్దాం. 1961 నవంబర్‌లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే సిస్టమ్‌ని చూపించింది. ఒకే కంప్యూటర్ని ఒకేసారి కొంతమంది వేర్వేరు టెర్మినల్స్ నుంచి వాడుకోవచ్చని అది నిరూపించింది. అప్పట్లో కంప్యూటర్ అంటే కోట్ల ఖరీదు. మనిషికి ఒకటి ఇవ్వలేరు కదా, కాబట్టి కంప్యూటర్ ఒకటే, దాని ముందు కూర్చునే సీట్లు మాత్రం ఎక్కువ. థిన్ క్లయింట్ ఆలోచన పుట్టింది ఇక్కడే, ఆ పేరు రాకముందే.

1978లో డెక్ కంపెనీ వీటీ100 అనే టెర్మినల్ తెచ్చింది. ఇప్పటికీ మనం లినక్స్‌లో తెరిచే నల్ల విండో చాలావరకు దాని భాషే మాట్లాడుతుంది. అంతకుముందు టెర్మినల్స్‌లో లైన్ స్పీడ్ లాంటివి మార్చాలంటే స్విచ్‌లు కదపాలి. వీటీ100లో మాత్రం సెటప్ అనే కీ పెట్టారు. అది నొక్కితే స్క్రీన్ మీదే సెట్టింగ్స్ వస్తాయి, మార్చి సేవ్ చేస్తే కరెంటు పోయినా గుర్తుండే చిన్న మెమరీలో ఉండిపోతాయి.

అప్పటి ట్రబుల్‌షూటింగ్ సింపుల్. కంప్యూటర్ వైపు లైన్ 9600 స్పీడ్‌లో ఉండి టెర్మినల్ 1200లో ఉంటే, స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలు. రెండు వైపులా ఒకే నంబర్ పెడితే సరి. అంటే సర్వర్‌కీ టెర్మినల్‌కీ మధ్య ఉన్న ఒప్పందం చాలా చిన్నది. స్పీడ్, పారిటీ, కొన్ని కంట్రోల్ కోడ్లు. ఆ చిన్న ఒప్పందం నిలబడినంత కాలం సర్వర్‌లో ఏం మార్చినా టెర్మినల్‌కి పట్టదు.

దీనికి మనకు దగ్గరి ఉదాహరణ రైల్వే రిజర్వేషన్. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. వెనకాల డెక్ కంపెనీ వ్యాక్స్ మెషీన్లు, కౌంటర్లో టెర్మినల్స్. తర్వాత కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. 1990ల మధ్యలో దాన్ని మొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లో. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఐదు సెంటర్లూ కలిసిపోయాయి. వెనకాల అంత పెద్ద మార్పు జరిగినా కౌంటర్లో ఉన్న క్లర్క్‌కి కనిపించేది అవే అక్షరాలు, అదే కీబోర్డు. ఒప్పందం చిన్నది కావడం వల్ల వచ్చిన లాభం ఇది.

ఇప్పుడు రెండో ఇంటికి వద్దాం. 1984లో ఎంఐటీలోనే ఎక్స్ విండో సిస్టమ్ మొదలైంది, 1987లో ఎక్స్11 వచ్చింది. అక్షరాల బదులు బొమ్మలు, విండోలు, మౌస్. 1980ల చివర్లో ఎన్‌సీడీ అనే కంపెనీ పెట్టి, ఎక్స్ టెర్మినల్స్ అమ్మడం మొదలుపెట్టారు. వీటిలో డిస్క్ ఉండదు. మరి ఆన్ చేయగానే ఏం చేయాలో దానికి ఎలా తెలుస్తుంది?

అడుగుతుంది. నిద్రలేచి నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా, "నేనెవర్ని? నా అడ్రస్ ఏంటి? నేను లోడ్ చేసుకోవాల్సిన ఫైల్ ఎక్కడుంది?" అని అరుస్తుంది. దీనికోసమే 1985లో బూట్‌పీ అనే ప్రోటోకాల్ రాశారు, 1993లో దాని మీదే డీహెచ్‌సీపీ వచ్చింది. జవాబు దొరికాక టీఎఫ్‌టీపీ ద్వారా ఫైల్ తెచ్చుకుని బూట్ అవుతుంది. చూశారా, సెట్టింగ్ మొత్తం సర్వర్ ఇంటికి మారిపోయింది. ఇప్పుడు డబ్బాని ఎంత వెతికినా అందులో ఏమీ దొరకదు.

ఈ పద్ధతిని మామూలు జనానికి దగ్గర చేసింది 1999లో జిమ్ మెక్‌క్విలన్ మొదలుపెట్టిన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. ఎల్‌టీఎస్‌పీ అంటారు. పాత పీసీలో హార్డ్ డిస్క్ తీసేసినా పర్వాలేదు, సర్వర్ నుంచి బూట్ చేసి క్లాస్‌రూమ్ మొత్తం నడపొచ్చు. చాలా దేశాల్లో స్కూళ్లు దీన్ని వాడుకున్నాయి.

ఇక్కడే మొదటి ఉచ్చు ఉంది. ఎల్‌టీఎస్‌పీ 5లో సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి, క్లయింట్లకు పంపే సిస్టమ్ ఇమేజ్ ఇంకొకటి. రెండూ ఒకే డిస్క్ మీద, వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. మీరు సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేస్తే ఆ రెండోది దానంతట అది అప్‌గ్రేడ్ కాదు. సర్వర్ ఐపీ మారినా, ఎస్‌ఎస్‌హెచ్ కీలు మారినా, క్లయింట్ ఇమేజ్‌లో ఇంకా పాత కీలే ఉంటాయి. లాగిన్ స్క్రీన్ చక్కగా వస్తుంది, పాస్‌వర్డ్ కొడితే లోపలికి వెళ్లదు. పిల్లలేమో పాస్‌వర్డ్ తప్పు కొట్టామనుకుంటారు. అసలు చేయాల్సింది కీలు అప్‌డేట్ చేసి, ఇమేజ్ మళ్లీ కట్టడం. రెండు కమాండ్లు. కానీ ఏ ఇంట్లో వెతకాలో తెలియాలి.

ఇంకో విషయం. 2019లో ఉబుంటు 19.10తో 32 బిట్ ఇన్‌స్టలేషన్‌కి మంగళం పాడారు. పాత ప్రాసెసర్ ఉన్న డబ్బాలు ఆ దారిలో ముందుకు వెళ్లలేకపోయాయి. అదే సమయంలో ఎల్‌టీఎస్‌పీని కూడా మొదటి నుంచి తిరగరాశారు. పాత సెట్టింగ్స్ ఫైల్ పేరు మారింది, లోపల రాసే తీరు మారింది. కొత్త వెర్షన్ మొగ్గు కూడా మారింది. ప్రోగ్రామ్‌ని సర్వర్లో నడపడం కంటే, బూట్ మాత్రం నెట్‌వర్క్ నుంచి చేసి, పని డబ్బాలోనే చేయించడం. ఎక్స్ వైపు కూడా అంతే. 2016లో ఫెడోరా 25 వేలాండ్‌ని డిఫాల్ట్ చేసింది. వేలాండ్‌లో ఎక్స్ లాగా స్క్రీన్‌ని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి పుట్టుకతో లేదు. దూరం నుంచి లాగిన్ అయ్యే 1980ల నాటి అలవాటు కొత్త డెస్క్‌టాప్‌లో తలుపు మూసి ఉండటం చూసింది.

మూడో ఇల్లు విండోస్. మన ఆఫీసుల్లో ఎక్కువ కనిపించేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా వెళ్దాం.

1995లో ఒరాకిల్ అధినేత లారీ ఎలిసన్ నెట్‌వర్క్ కంప్యూటర్ అన్నాడు. మరుసటి ఏడాది సన్ కంపెనీ జావాస్టేషన్ తెచ్చింది. పీసీ అక్కర్లేదు, చవక డబ్బా చాలు అన్నారు. ఈలోగా పీసీలే చవకైపోయాయి, ఆ ఆశ నెరవేరలేదు. కానీ చప్పుడు లేకుండా ఇంకో దారి తెరుచుకుంది. ఐబీఎం నుంచి బయటకొచ్చిన ఎడ్ ఇయకబుచీ 1989లో స్థాపించిన సిట్రిక్స్, 1995లో విన్‌ఫ్రేమ్ అనే ప్రోడక్ట్ ఇచ్చింది. విండోస్ ఎన్‌టీ 3.51ని మార్చి, ఒకే సర్వర్లో చాలామంది లాగిన్ అయ్యేలా చేశారు. 1997లో మైక్రోసాఫ్ట్ ఆ టెక్నాలజీకి లైసెన్స్ తీసుకుంది. 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ వచ్చింది, దానితోపాటు ఆర్‌డీపీ అనే ప్రోటోకాల్ వచ్చింది.

వీటీ100 ఒప్పందం ఒక కాగితంలో పట్టేది అనుకుంటే ఆర్‌డీపీ ఒప్పందం ప్రతి వెర్షన్‌కీ ఒక కొత్త పేజీ కలుపుకుంటూ పోయింది. రంగులు, సౌండ్, ప్రింటర్, పెన్ డ్రైవ్, ఎన్‌క్రిప్షన్, లైసెన్స్. ఒప్పందం పెరిగే కొద్దీ డబ్బా కూడా తెలివైనది కావాలి. అలా చాలా థిన్ క్లయింట్ల లోపలికి ఒక చిన్న విండోస్ వచ్చి చేరింది, ఎక్స్‌పీ ఎంబెడెడ్. సన్నటి డబ్బాలో మళ్లీ రిజిస్ట్రీ, డ్రైవర్లు, యూజర్లు. పేరు మాత్రం థిన్.

లైసెన్స్ సంగతి తీసుకోండి. పర్ డివైస్ పద్ధతిలో కనెక్ట్ అయ్యే ప్రతి డబ్బాకీ లైసెన్స్ సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. మొదట 90 రోజుల తాత్కాలిక టోకెన్, తర్వాత అసలుది. అసలుదానికి కూడా 52 నుంచి 89 రోజుల మధ్య ఏదో ఒక గడువు ఉంటుంది, అయిపోయేముందు రెన్యూ చేసుకోవాలి. ఇదంతా విండోస్ క్లయింట్‌లో రిజిస్ట్రీలో దాస్తారు. ఇక కొత్త సర్వర్‌కి లైసెన్స్ సర్వర్ చూపించకపోతే 120 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. అప్‌గ్రేడ్ రోజు అంతా బాగుంటుంది, అందరూ చప్పట్లు కొడతారు, నాలుగు నెలల తర్వాత ఒక రోజు కౌంటర్లు ఆగిపోతాయి. అప్‌గ్రేడ్ చేసిన మనిషి అప్పటికి వేరే ప్రాజెక్టులో ఉంటాడు. కారణానికీ ఫలితానికీ నాలుగు నెలల దూరం ఉంటే ఎవరు కలుపుతారు చెప్పండి?

ఇప్పుడు నేను స్వయంగా చూసిన కేసు. నేను బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగంలో ఉన్నప్పటి మాట. ఒక హాస్పిటల్‌కి మా టీమ్ సపోర్ట్ ఇచ్చేది. అక్కడ వేరే వెండర్ సర్వర్‌ని విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి 2016కి మార్చాడు. సోమవారం పొద్దున ఓపీ కౌంటర్లలో ఒక్కటీ కనెక్ట్ కాలేదు. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ కావాలి, మీ కంప్యూటర్లో అది లేదు అన్న అర్థంలో మెసేజ్. కౌంటర్ మేడమ్ చేత్తో చీటీలు రాస్తున్నారు, క్యూ మెట్ల దాకా వెళ్లింది. ఒక పెద్దాయన ఫైల్ పట్టుకుని, "అమ్మా, టోకెన్ ఒక్కటి ఇస్తే వెళ్లి కూర్చుంటాను" అని అడుగుతూనే ఉన్నాడు.

మా టీమ్‌లో ఒక అన్న ఉండేవాడు, ఈ డబ్బాలతోనే పదేళ్లు గడిపిన మనిషి. అందరూ సర్వర్ లాగ్స్ చూస్తుంటే ఆయన వెళ్లి డబ్బాని తిప్పి మోడల్ నంబర్ చూశాడు. "తమ్ముడూ, ఇది ఎక్స్‌పీ తరం. సర్వర్ అడిగే భాష దీనికి వచ్చు, కానీ మాట్లాడొద్దని నోరు కట్టేసి ఉంటుంది" అన్నాడు.

ఆయన మాటకి వెనక చరిత్ర ఇది. విండోస్ విస్టాతో ఆర్‌డీపీ 6.0 వచ్చింది. అంతకుముందు సర్వర్ ముందు లాగిన్ స్క్రీన్ చూపించేది, ఆ తర్వాత పాస్‌వర్డ్ అడిగేది. అంటే ముక్కూ మొహం తెలియనివాడు కూడా గుమ్మం దాటి హాల్లో కూర్చోవచ్చు. కొత్త పద్ధతిలో గుమ్మం బయటే పాస్‌వర్డ్ చూపించాలి. దాని పేరే నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్, దాని కింద పనిచేసేది క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3లో ఆ ముక్క ఉంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. రిజిస్ట్రీలో రెండు చోట్ల చేర్చి ఆన్ చేయాలి. సర్వర్ వైపు 2012 నుంచి అది డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది. 2008 ఆర్2లో ఉన్నంతకాలం ఆ హాస్పిటల్‌లో ఎవరూ దాన్ని ఆన్ చేయలేదు, కాబట్టి డబ్బాలో లోటు బయటపడలేదు.

అన్న ఒక డబ్బాలో రిజిస్ట్రీ మార్చి రీస్టార్ట్ చేశాడు. మార్చింది లేదు! పాతదే ఉంది. పక్కనున్నవాళ్లు అవాక్కయ్యారు, ఆయన మాత్రం నవ్వాడు. ఆ రీస్టార్ట్ మాకు చూపించడానికే చేశాడు. ఎక్స్‌పీ ఎంబెడెడ్ డబ్బాల్లో రైట్ ఫిల్టర్ అని ఒకటుంటుంది. డిస్క్ మీద రాసినట్టు కనిపించే ప్రతిదాన్నీ అది ర్యామ్‌లో రాయిస్తుంది. ఆఫ్ చేయగానే పలక తుడిచినట్టు పోతుంది. వైరస్ వచ్చినా పోతుంది, ఎవరో వాల్‌పేపర్ మార్చినా పోతుంది, మీరు చేసిన రిపేరు కూడా పోతుంది. చివరికి ఆ లైసెన్స్ టోకెన్ కూడా, ప్రత్యేకంగా సేవ్ చేసే ఏర్పాటు లేకపోతే, పోతుంది. ఫిల్టర్‌కి కమిట్ కమాండ్ ఇచ్చి, అప్పుడు రీస్టార్ట్ చేస్తే మార్పు నిలిచింది. డబ్బాకి ఐదు నిమిషాలు. మధ్యాహ్నానికి కౌంటర్లు నడిచాయి.

వెండర్ రిపోర్ట్‌లో మాత్రం, "క్లయింట్ డివైసెస్ పాతబడ్డాయి, మార్చాలి" అని రాశాడు. ఐదు నిమిషాల సెట్టింగ్‌కి కొత్త డబ్బాల కొటేషన్. కానీ ఆ సలహాలో కొంత న్యాయం కూడా ఉంది. ఎక్స్‌పీ తరానికే చెందిన ఎంబెడెడ్ స్టాండర్డ్ 2009కి మైక్రోసాఫ్ట్ 2019 జనవరిలో సపోర్ట్ ఆపేసింది. సెక్యూరిటీ అప్‌డేట్స్ లేని డబ్బా పేషెంట్ల వివరాల ముందు శాశ్వతంగా ఉండకూడదు. అయితే మార్చాల్సిన నిర్ణయం బడ్జెట్ చూసి, ప్లాన్ చేసి తీసుకోవాలి. సోమవారం పొద్దున క్యూ ఒత్తిడిలో కాదు.

ఇదేదో ఒక హాస్పిటల్ గొడవ అనుకోకండి. 2018లో ప్రపంచమంతా ఇది చూసింది. క్రెడ్‌ఎస్‌ఎస్‌పీలోనే ఒక లోపం బయటపడింది. మైక్రోసాఫ్ట్ మార్చి 13న ప్యాచ్ ఇచ్చింది, అప్పటికి పాత పద్ధతిని కూడా ఒప్పుకుంది. మే 8న వచ్చిన అప్‌డేట్ డిఫాల్ట్‌ని బిగించింది. ప్యాచ్ అయిన క్లయింట్, ప్యాచ్ కాని సర్వర్‌తో మాట్లాడను అంది. ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ రెమిడియేషన్ అనే మాట ఉన్న ఎర్రర్ అప్పుడు చాలామంది అడ్మిన్లకి కంఠస్థం అయింది. గమనించండి, ఇక్కడ సీన్ తిరగబడింది. హాస్పిటల్ కేసులో డబ్బా పాతది, సర్వర్ కొత్తది. ఇక్కడ క్లయింట్ కొత్తది, సర్వర్ పాతది. చాలామంది చేసిన పని ప్యాచ్ తీసేయడం, లేదా పాలసీని వల్నరబుల్ అనే సెట్టింగ్‌కి దించడం. తాత్కాలికం అనుకుని దించినవి ఎన్నిచోట్ల అలాగే ఉండిపోయి ఉంటాయో ఊహించండి. సరైన దారి ఒక్కటే, రెండు వైపులా ప్యాచ్ చేయడం.

మన రాష్ట్రాలకి వస్తే, దీన్ని పెద్ద స్థాయిలో చూసింది మన గవర్నమెంట్ స్కూళ్లు. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 5,000 స్కూళ్లలో 50,000 సీట్ల కోసం తమ పద్ధతిని ఎంచుకుందని ఎన్‌కంప్యూటింగ్ కంపెనీ ప్రకటించింది. అంటే ఒక పీసీని కొంతమంది పిల్లలు పంచుకుంటారు. ప్రతి సీటుకీ ఒక చిన్న బాక్స్, మానిటర్, కీబోర్డు. తక్కువ డబ్బుతో, తక్కువ కరెంటుతో ఎక్కువమంది పిల్లలకు కంప్యూటర్ ముట్టుకునే అవకాశం. లెక్క ప్రకారం చాలా మంచి ఆలోచన.

కానీ ఆ బాక్సులు హోస్ట్ పీసీలో ఉండే వీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతాయి, వీస్పేస్ ఏమో విండోస్ వెర్షన్ మీద ఆధారపడుతుంది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్ట్ ముగిసింది. ఇలాంటి ల్యాబ్ ఉన్న టీచర్ ముందు రెండే దారులు. విండోస్ మార్చకపోతే సెక్యూరిటీ లేదు. మారిస్తే, సరిపడే వీస్పేస్ వెర్షన్, డ్రైవర్ దొరికేదాకా సీట్లన్నీ చీకటి. లెక్కల టీచరో సైన్స్ టీచరో ల్యాబ్ ఇన్‌చార్జ్ అయిన ఊళ్లో ఈ ముడి ఎవరు విప్పుతారు? సీటు ఖరీదు టెండర్లో ఉంటుంది. సెట్టింగ్ తెలిసిన మనిషి ఖరీదు కూడా అందులో రాయాలి అని నా అభిప్రాయం.

సరే, ఈ చరిత్రనే ఇప్పుడు చెక్‌లిస్ట్ చేద్దాం. అప్‌గ్రేడ్ తర్వాత డబ్బా ఆగిపోతే, ఏ కాలపు ఇంట్లో సమస్య ఉందో వరసగా అడగండి. డబ్బాకి ఐపీ వచ్చిందా, బూట్ ఫైల్ దొరికిందా? రాకపోతే 1985 ఇంట్లో వెతకండి, అంటే డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ, కొత్త సర్వర్ ఫైర్‌వాల్. బూట్ అయింది కానీ లాగిన్ కావట్లేదా? ఇమేజ్‌లో పాత కీలు, పాత సర్వర్ పేరు ఉన్నాయేమో చూడండి. పాస్‌వర్డ్ అడగకముందే తిప్పి పంపుతోందా? ఆథెంటికేషన్, ప్యాచ్ తేడా. కొన్ని డబ్బాలు వస్తాయి, కొన్ని రావు, లేదా నెలల తర్వాత ఆగాయి అంటే లైసెన్స్. రిపేరు చేస్తే పనిచేసి, మర్నాటికి మళ్లీ మొదటికొస్తే రైట్ ఫిల్టర్.

ఒక్క జాగ్రత్త. సర్వర్లో నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ టిక్ తీసేస్తే డబ్బాలన్నీ వెంటనే పనిచేస్తాయి. అందరూ మొదట చేసేది అదే. కానీ అది తాళం పాడైందని తలుపే పీకేయడం. తప్పనిసరై తీస్తే, ఏ తేదీకి మళ్లీ పెడతారో, ఎవరు పెడతారో కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి.

ఇంకా మంచిది, అప్‌గ్రేడ్‌కి ముందే ప్రతి మోడల్ డబ్బా ఒక్కటి తెచ్చి టెస్ట్ సర్వర్‌కి కనెక్ట్ చేయండి. లాగిన్ అవ్వండి, ప్రింట్ తీయండి, ఆఫ్ చేసి ఆన్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ రెండోసారి లాగిన్ చాలామంది చేయరు, రైట్ ఫిల్టర్ దొరికేది అక్కడే. పాత సర్వర్‌ని కనీసం వారం రోజులు తీసేయకుండా ఉంచండి. ఆదివారం రాత్రి పని ముగించినవాళ్లలో ఒకరు సోమవారం పొద్దున కౌంటర్ దగ్గర నిలబడండి. అక్కడ కూర్చున్న మనిషికి ఈ నిర్ణయంలో భాగం లేదు, క్యూలో ఉన్నవాళ్ల మాటలు పడేది మాత్రం ఆ మనిషే.

ఇవాళ్టికి ఇంతే. మీ ఆఫీసులో ఇలాంటి డబ్బాలుంటే రేపు ఒకసారి వెనక్కి తిప్పి మోడల్ నంబర్ రాసిపెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.